బరువు అప్పు

మాలో పడవ నూట పది కిలోలు.
దాన్ని మోసే బండి నూట నలభై.
మూరెడు పడవకి బారెడు బండి అని రేవులో నవ్వేవాళ్ళు.
నేను నవ్వలేదు. ఆ బండి చేసింది నేనే.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ బ్రెతాన్ తీరంలో, పోర్స్ గ్వెన్ రేవులో,
నా వెల్డింగ్ మెరుపుకి కళ్ళు చికిలించని సీగల్ లేదు.
ఇనుముకి జింకు పూస్తాను, ఉప్పు దాన్ని నాకుతుంది.
అతుకు వేస్తాను, ఉప్పు అతుకునీ నాకుతుంది.
నిజం చెప్పాలంటే
నా ఇంటి పైకప్పు తుప్పు వేయించిందే.

కిందటి అక్టోబరులో మాలో కుడి భుజం జారింది.
నాచు పట్టిన వాలు మీద, పాటు వేళ, బండి వెనక్కి లాగేసింది.
డెబ్బై నాలుగేళ్ళ మనిషి
తాడు వదలకుండా దాని వెంటే నీళ్ళలోకి నడిచాడు.
వదిలితే పోయేది బండే కదా, అన్నాను ఆసుపత్రిలో.
నువ్వు చేసింది కదా, అన్నాడు.

అప్పుడొచ్చింది అజెనోర్, అతని చెల్లెలి మనవరాలు,
లోరియాంలో పందెం పడవలకి తెరచాప కొయ్యలు చేసే పిల్ల.
నా షెడ్డులో సగం అడిగింది. కొలిమి లేని సగం.
అవిసె నార చుట్టలు దింపింది.
అవిసె! మా అమ్మమ్మ దుప్పట్లు నేసిన అవిసె.
దుప్పటి మీద పడవని పడుకోబెడతావా, అన్నాను.
పడుకునేదాకా జిగురు పూస్తాను, అంది.

నురుగు దిమ్మ చుట్టూ పొర మీద పొర,
ఒకటి నిలువు, ఒకటి ఏటవాలు.
ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి పీల్చేస్తే
సంచి ముసలి చెయ్యిలా ముడతలుపడి బిగుసుకుంది.
రాత్రంతా పంపు గురక.

మొదటి దూలం విరిగింది.
ఇనుమైతే ముందు వంగుతుంది, మూలుగుతుంది,
పక్కకి తప్పుకోమని మనిషికి కబురు పెడుతుంది.
ఇది చెప్పాపెట్టకుండా టప్పుమంది.
నాకు సంతోషమేసింది, దాచుకోను.
ఆ పిల్ల నేల మీద చతికిలబడి
విరిగిన చోటు వేలితో తడుముతుంటే
ఆ సంతోషం ఎక్కువసేపు నిలవలేదు.

వంగి చూశాను. బోల్టు కోసం కన్నం పొడిచింది.
తెగిన నారలు కన్నం అంచున చీపురుపుల్లల్లా నిక్కాయి.
ఇనుములో కన్నం పొడిస్తే పోయేది కన్నమంతే.
దీన్లో పోయేది దారి.
పొడవకు, అన్నాను, ఎందుకన్నానో తెలీదు,
ముందే మేకు నిలబెట్టు. నారని దాని చుట్టూ నడవనియ్యి,
ఏట్లో బండని తప్పుకుని నీళ్ళు పోయినట్టు.
ఆమె చూసిన చూపు
ముప్పై ఒక్క ఏళ్ళలో ఏ బేరమూ నాకివ్వలేదు.

ఇరుసు మాత్రం ఇనుమే. అది నాది.
మొత్తం తూకం నలభై ఒకటి.
కాటా తప్పేమోనని మూడుసార్లు తూచాను.

ఏప్రిల్‌లో ఒక తెల్లారుజామున, పోటు ఎక్కుతుండగా,
మాలో ఎడమ చేత్తో, ఒక్క ఎడమ చేత్తో,
పడవని వాలు దించాడు. నోట్లో సిగరెట్టు కూడా తడవలేదు.
పడవ నీళ్ళ మీదికి జారింది.
వెనకాలే బండీ తేలింది.
మరి లోపలంతా నురుగే కదా!
చక్రాలు కిందికి వేలాడేసుకుని, బాతులా,
లంగరేసిన పడవల మధ్యకి
ఎవరినో పలకరించడానికన్నట్టు వెళ్ళిపోయింది.
రేవంతా ఈలలు. అజెనోర్ బూట్లతోనే దూకింది.
మాలో నవ్వి నవ్వి బాగున్న భుజం కూడా పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం నా పాత బండి గొలుసు కోసుకొచ్చాను,
పన్నెండు కిలోల తుప్పు.
ఒక కొస ఇరుసుకి, ఒక కొస రేవు గోడ కడియానికి.
బరువంతా తీసేసి మళ్ళీ నీ దగ్గరే అప్పు చేశాను, అందామె.
వడ్డీ అక్కర్లేదన్నాను.

ఇప్పుడు ఇంకో బండి మొదలైంది, మస్సెల్స్ ఏరే ఆవిడకి.
మేకు చుట్టూ నార తిప్పే పని నాకిచ్చింది.
నా వేళ్ళు లావు. జిగురు గోళ్ళలో ఎండుతోంది.
మూడో చుట్టులోనే చిక్కు పడింది.
విప్పుతున్నాను.